అభ్యంతరం ఉన్నవారు చెప్పవచ్చు

నా గొంతు పెద్దది. పుట్టుకతో వచ్చింది, నేనేం చెయ్యను? పెంటపాడులో మా ఇల్లు కాలవగట్టు పక్కన. నేను వంటింట్లో మాట్లాడితే కాలవ అవతల బట్టలుతుక్కునే ఆడవాళ్ళు జవాబు చెబుతారని మా నాన్న వెక్కిరించేవారు. మా అమ్మకి మాత్రం అది వెక్కిరింత కాదు, బెంగ. "మెల్లగా మాట్లాడవే తల్లీ, నోరు మంచిదైతే ఊరు మంచిది" అని పొద్దస్తమానం అదే పాట. నోరు మంచిదవడమంటే గొంతు చిన్నదవడమని ఆవిడ లెక్క.

మా గోదావరి జిల్లాల మాట మెత్తన అని బయటివాళ్ళు తెగ మెచ్చుకుంటారు. ప్రతి మాటకీ చివర అండీ తగిలిస్తాం కదా, అది చూసి మురిసిపోతారు. మురవండి, నాకేం. నేను నా బతుకులో విన్న క్రూరమైన మాటలన్నిటికీ చివర అండీ గానీ అమ్మా గానీ ఉన్నాయి. ఒక్కరంటే ఒక్కరు నన్ను కసిరి మాట్లాడలేదు.

మా నాన్న తాడేపల్లిగూడెంలో మిషన్ బడి మాస్టారు, చర్చిలో సంఘ పెద్ద కూడా. అబద్ధం ఆడరని, కట్నం అంటే అసహ్యమని ఆయనకి పేరు. ఆ పేరు ఆయన కన్న కూతురికంటే ముద్దుగా పెంచుకున్నారు. నేను బియ్యీడీ చేసి గూడెంలోనే ఒక కాన్వెంటులో పాఠాలు చెబుతున్న రోజుల్లో సంబంధం వచ్చింది. కొల్లేటి అంచున ఊరు, ఏలూరు నుంచి ఆటోలో పోవచ్చు. చేపల చెరువులున్నాయి. కుర్రాడు డిగ్రీ చదివాడు, తాగడు, గుడిలో, అంటే చర్చిలో, పాటల క్వయరు నడుపుతాడు. అన్నిటికంటే ముఖ్యం, కట్నం వద్దన్నారు. ఆ మాట వినగానే మా నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కట్నం వద్దనే అల్లుడంటే ఎండాకాలంలో పులస చేప దొరికినట్టే కదా. శుభలేఖ మీద "కట్నరహిత వివాహము" అని లావు అక్షరాలతో అచ్చు వేయించారు.

తెలియనివాళ్ళకి మా సంఘాల్లో పద్ధతి ఒకటి చెప్పాలి. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ఆరాధనలో ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పవచ్చు అని పాస్టరుగారు అడిగి, కాసేపు ఆగుతారు. ఎవరూ లేవరు. ఎవరో దగ్గుతారు, పిల్లలు నవ్వుతారు. అంతే. పెళ్ళికి ముందు మూడుసార్లు అడుగుతారు. పెళ్ళయ్యాక చచ్చేదాకా ఒక్కసారి కూడా అడగరు. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

పెళ్ళి వాళ్ళ ఊరి గుడిలోనే జరిగింది. పాస్టరుగారు మైకులో, "ఈ అల్లుడుగారు ఒక్క రూపాయి కట్నం తీసుకోలేదు, మన యువకులందరికీ మాదిరి" అన్నారు. గుడి గుడంతా చప్పట్లు కొట్టింది. మా నాన్న కళ్ళు తుడుచుకున్నారు. ఆ చప్పట్లు నా పీకకి ఎలా చుట్టుకుంటాయో చెబుతాను, కాస్త ఆగండి.

అప్పట్లో నేను మొగుణ్ణి ఆయన అనేదాన్ని. ఇప్పుడు అతను అంటున్నాను. అంతకంటే కిందకి దిగడం కూడా నాకు బాగా వచ్చు, అచ్చులో బాగుండదని ఆగాను.

అతను తాగడు. చుట్ట ముట్టడు. చెయ్యెత్తి కొట్టడు. చెరువుకి మేత వేయించి రాగానే స్నానం చేసి బైబిలు ముందు పెట్టుకుంటాడు. అన్నం దగ్గర అతను చేసే ప్రార్థనకి కూర చల్లారిపోయేది. ఇంటికొచ్చిన ప్రతి ముసలమ్మా "ఎంత అదృష్టం చేసుకున్నావమ్మా" అని నా బుగ్గలు పుణికి వెళ్ళేది. తలుపు మూశాక మాత్రం అతనికి నా మాట వినపడేది కాదు. వద్దండి అంటే వినపడదు. నొప్పిగా ఉందండి అంటే వినపడదు. ఇవాళ వంట్లో బాగాలేదండి అంటే అసలే వినపడదు. కాలవ అవతలికి వినపడే గొంతు పక్కన ఉన్న చెవికి వినపడలేదంటే ఏమనాలి? అరిస్తే నోటి మీద అరచెయ్యి పడేది. అవతలి గదిలో మా అత్తగారు దగ్గేది. ఆ దగ్గు నేను విన్నానన్న సంగతి ఆవిడకీ తెలుసు. అతను పొద్దున్నే లేచి అదే చెయ్యి నా తలమీద పెట్టి దీవించేవాడు. ఇంతకంటే వివరంగా చెప్పను. చెప్పడానికి సిగ్గు కాదు, వినడానికి మీరు తగరేమోనని.

మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడు అమ్మకి చెప్పాను. పెరట్లో బియ్యం చెరుగుతోంది.

"కొడతన్నాడా?" అంది.

"లేదమ్మా."

"తాగొస్తన్నాడా?"

"లేదు."

"ఎవత్తెనైనా చేరదీశాడా?"

"లేదే అమ్మా."

"మరింకేంటే నీ బాధ?"

చెప్పాను. అమ్మ చేట ఆపలేదు. నూకలు ఒకవైపు, బియ్యం ఒకవైపు పోగయ్యేదాకా చెరిగి, "అందరి మొగుళ్ళూ అంతేనే. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుద్ది. ఇలాంటివి నోటితో అనకూడదు" అంది. అందరి మొగుళ్ళూ అంటే మా నాన్న కూడానా అని అడగబోయి, ఆవిడ మొహం చూసి మానేశాను. ఆ జవాబు నాకు అక్కర్లేదు.

అతను తాగుబోతయి ఉంటే ఎంత బాగుండేదో అని ఎన్నిసార్లు అనుకున్నానో. తాగుబోతు పెళ్ళాన్ని చూసి ఊరు అయ్యో అంటుంది. కన్ను వాచి ఉంటే పక్కింటావిడ పసుపు పట్టిస్తుంది. నా గాయాలు ఎవరికీ చూపించే చోట లేవు. మంచివాడి పెళ్ళాం ఏడిస్తే దానికి పిచ్చి అంటారు, లేదా పొగరు అంటారు. నాకు పొగరని పేరు పెట్టడం తేలిక, గొంతు ఎలాగూ పెద్దదేగా.

రెండో ఏడు కడుపొచ్చి పోయింది. ఏలూరులో ఒక డాక్టరమ్మ దగ్గర శుభ్రం చేయించారు. కొన్నాళ్ళు భార్యాభర్తలు దూరంగా ఉండాలని ఆవిడ అతని ఎదురుగానే చెప్పింది. అతను తల ఊపి, థాంక్స్ చెప్పి, చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. పుట్టింటికి పంపమని మా అమ్మ అడిగితే అత్తగారు, "ఇక్కడ మేము చూసుకోమాండీ" అని ఎంతో ప్రేమగా అంది. చూసుకున్నారు. వారం తిరక్కుండా నన్ను నెత్తురు ఓడుతూ మళ్ళీ ఆ డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఆవిడ చూసింది. ఆవిడకి తెలియకుండా ఎలా ఉంటుంది? కర్టెను అవతల అతను నిలబడి ఉన్నాడు. ఆవిడ గ్లవ్సు తీసేస్తూ నాతో అంది కదా, "చెప్పాను కదమ్మా, దూరంగా ఉండమని. చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలీదా?"

నాతో అంది! మంచం మీద లేవలేక పడి ఉన్న నాతో.

కొంచెం కోలుకోగానే, అతను చెరువు మీదికి వెళ్ళిన వేళ చూసి ఏలూరు బస్టాండుకి వచ్చి గూడెం బస్సెక్కేశాను. నా టైము చూడండి, సరిగ్గా ఆ రోజుల్లోనే కొల్లేట్లో చెరువులు అక్రమమని పొక్లెయిన్లు పెట్టి గట్లు కొట్టేస్తున్నారు. అతని చెరువులూ పోయాయి. గట్టు తెగి చేపలన్నీ కొల్లేట్లోకి కొట్టుకుపోతుంటే అతను గట్టుమీద కూర్చుని ఏడ్చాడట. ఇంకేముంది, రెండు జిల్లాల జాలీ అతని మీదికి మళ్ళింది. "చెరువు పోయిన బాధలో ఉన్నాడమ్మా, ఇప్పుడా నువ్వు వదిలేసి రావడం?" అని పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ నన్నే అడిగారు. మునిగింది చేపల చెరువు. నేను మునిగింది ఎవరికీ లెక్కలేదు.

నాన్న బడిలో ఉన్న వేళ వాళ్ళ పాస్టరుగారు మా ఇంటికి వచ్చారు. అతన్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. అమ్మ కాఫీ ఇచ్చింది. పాస్టరుగారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, భార్య దేహం మీద అధికారం ఎవరిదో చెప్పే వాక్యం తీసి చదివి, పుస్తకం మూశారు. ఆ వాక్యానికి రెండో సగం ఉంది. భర్త దేహం మీద అధికారం ఎవరిదో అందులో ఉంది. సండే స్కూల్లో కంఠస్థం పోటీల్లో స్టీలు గిన్నెలు గెలుచుకున్నదాన్ని, నాకు తెలియదా?

"మిగతాది కూడా చదవండి పాస్టరుగారూ" అన్నాను.

"మెల్లగా మాట్లాడమ్మా" అన్నారాయన. "ఇరుగుపొరుగు వింటారు."

అతను తలొంచుకుని, "నా వల్ల తప్పేమన్నా జరిగితే క్షమించమనండి" అని ఆయనతో అన్నాడు. చూశారా, నాతో కాదు. పాస్టరుగారు మురిసిపోయి, "ఎంత తగ్గింపు స్వభావమో చూడమ్మా" అన్నారు. రెండ్రోజుల్లో దింపుతామని వాళ్ళకి చెప్పి మా అమ్మ నా బట్టలు సర్దడం మొదలుపెట్టింది. అప్పుడర్థమైంది నాకు, ఇంట్లో కూర్చుంటే నన్ను ఆ గదిలోకి మళ్ళీ పంపేస్తారని. మర్నాడు ఏలూరు పోలీస్ స్టేషనుకి వెళ్ళాను.

ఎస్సైగారు మర్యాదస్తుడు. కుర్చీ చూపించారు, ఫ్యాను నా వైపు తిప్పమన్నారు. "చెప్పండమ్మా" అని పెన్ను తీశారు. చెప్పాను. నా గొంతుకి గుమ్మం దగ్గర సెంట్రీ కూడా తిరిగి చూశాడు. సగంలోనే ఎస్సైగారు పెన్నుకి మూత పెట్టేశారు.

"చేసింది మీ ఆయనేనా అమ్మా?"

"మా ఆయనేనండి."

"మరి కేసేముందమ్మా ఇందులో? పరాయివాడైతే ఈపాటికి లోపలేసి ఉందును. మొగుడి మీద ఆ సెక్షను పనికిరాదు. చట్టంలోనే లేనిది నేనెక్కణ్ణుంచి తెచ్చేది?"

"మరి నేనెక్కడికి వెళ్ళాలండి?"

"పెద్దవాళ్ళని తీసుకురండి, మాట్లాడదాం."

అంటే నేను ఇదంతా మా నాన్నకి చెప్పాలి. మా నాన్న ఎదురుగా నేను చిరుగున్న లంగా కూడా ఆరేసేదాన్ని కాదు. అయినా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ కూర్చున్నారు. నేను చెప్పడం అయిపోయినా తుడుస్తూనే ఉన్నారు. చివరికి "పద" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆయన కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవాలనిపించింది. తొందరపడ్డాను.

ఈసారి ఎస్సైగారి పక్కన రైటరు కూడా ఉన్నాడు. కంప్లెయింట్లు రాసే హెడ్ కానిస్టేబులుని స్టేషన్లో అలా అంటారు. అనుభవం ఉన్న మనిషి. అంతా విని, "సార్, కట్నం కింద అయితే కేసు కట్టొచ్చండి" అన్నాడు. "అదనపు కట్నం తెమ్మని హింసిస్తన్నాడని రాసిమ్మనండి. రేపీపాటికి తీసుకొచ్చి కూర్చోబెడతాం. మిగతాదంతా ఎందుకండి, ఆడకూతురి పరువు."

ఎస్సైగారు మా నాన్న వైపు తిరిగారు. "ఏమంటారు మాస్టారూ?"

"రాయండి" అన్నాను నేను. క్షణం ఆలోచించలేదు. జరిగింది చెబితే వినే చెవి లేదు, జరగనిది చెబితే జీపు వేసుకుని వస్తారట. అయితే జరగనిదే చెబుతాను. నాకు ఆ గదిలోకి మళ్ళీ వెళ్ళకుండా ఉంటే చాలు.

మా నాన్న గొంతు సవరించుకున్నారు. "కట్నం ఇవ్వలేదండి" అన్నారు. "అడగలేదు కూడానండి. పాస్టరుగారు సంఘమంతటి ముందూ చెప్పారు. శుభలేఖ మీద కూడా వేయించాను. దేవుడి మందిరంలో చెప్పిన మాట కాదని ఇప్పుడు అబద్ధం రాయించలేనండి."

"కట్నమే తీసుకోలేదా!" రైటరు నోరు వెళ్ళబెట్టాడు. "అయితే మరింకేంటి మాస్టారూ, బంగారం లాంటి అల్లుడు. సర్ది చెప్పి పంపండి."

ఇదీ నా పీకకి చుట్టుకున్న చప్పట్ల సంగతి. ఈ దేశంలో మొగుడి మీద నేను మోపగలిగిన నేరం ఒక్కటే ఉంది. అది ఒక్కటే అతను చెయ్యలేదని మూడు వందల మంది ఎదుట మైకులో చెప్పించుకుని పెళ్ళి చేసుకున్నాను.

మా నాన్న అబద్ధాలు ఆడరని కాదు. తిరుగు బస్సులో ఎవరో, "అమ్మాయెప్పుడొచ్చింది మాస్టారూ?" అనడిగితే, "వంట్లో బాగోక వచ్చిందండి, తగ్గాక వెళ్ళిపోద్ది" అన్నారు. ఎంత నున్నగా వచ్చిందో ఆ అబద్ధం! పరువు కోసం వస్తుంది, కూతురి కోసం రాదు. నాకు ఇప్పటికీ మండుతుంది. ఆయన నన్ను తిట్టలేదు, గెంటలేదు, అన్నం పెట్టారు. ఆ అన్నం ముందు కూర్చుని చెబుతున్నాను, ఆయన నిజాయితీ నా ఉసురు పోసుకుంది.

నేను తిరిగి వెళ్ళలేదు. ఆ ఒక్కటీ గెలిచాను. అమ్మ బట్టలు సర్దిన ప్రతిసారీ పెట్టె తీసి కాలవగట్టు మీద పెట్టి, ఊరంతా వినేలా అరిచాను. పరువుకి భయపడి పెట్టె లోపలికి తెచ్చేవారు. నా గొంతు నాకు పనికొచ్చింది అక్కడే.

ఏలూరు కోర్టులో లాయరుగారు ఇంకా మెత్తటి మనిషి. క్రూరత్వం అని విడాకులకి వెయ్యండి అన్నాను. "వెయ్యొచ్చమ్మా" అన్నారు. "కానీ నిరూపించాలి. అవతలి లాయరు బోనులో నిల్చోబెట్టి ఏమేం అడుగుతాడో తెలుసా? మీ నాన్నగారు విని తట్టుకోలేరు. ఆడవాళ్ళకి కొత్త చట్టం ఏదో వస్తోందంట గానీ, ఇంకా మనదాకా రాలేదు. ఇద్దరి ఒప్పుదల మీద వేసేద్దాం." మా నాన్న ఆ మాటకి ఎంత ఊపిరి పీల్చుకున్నారో! చట్టం అడిగినన్నాళ్ళు విడిగా ఉన్నాక, స్వభావాలు కలవక ఇష్టపడి విడిపోతున్నామని ఉన్న కాగితం మీద సంతకం పెట్టాను. నాకు విడుదల కావాలి, పెట్టాను. అతను కూడా పెట్టి, నాకు నమస్కారం చేశాడు. కోర్టు మెట్లు దిగేటప్పటికి అతని మీద ఈగ కూడా వాలలేదు.

ఇక్కడితో అయిపోతే నేను ఈ సంగతి రాసేదాన్నే కాదు.

కాన్వెంటులో నాతో పనిచేసే టీచరొకావిడ బంధువులు ముదినేపల్లి వైపు ఉన్నారు. ఆవిడ చెప్పింది, అతనికి ఆ వైపు పిల్లనే నిశ్చయం చేశారని. విడాకులైనవాళ్ళకి మా సంఘాల్లో మళ్ళీ పెళ్ళి చెయ్యడం అంత తేలిక కాదు. కానీ వదిలి వెళ్ళింది నేను కదా, కాబట్టి అతను నిర్దోషి అని పెద్దలు తీర్మానించారట. రెండు ఆదివారాలు ప్రకటన కూడా అయిపోయింది. పిల్లకి ఇరవై నిండాయో లేదో. ఈసారి కూడా కట్నం లేదట.

నన్ను ఎవరూ అడగలేదని ఇన్నాళ్ళూ ఏడ్చాను. ఇప్పుడు అడుగుతున్నారు, నోరు తెరిచి, మైకులో, అభ్యంతరం ఉందా అని. ఇంకా ఒక్క ఆదివారం మిగిలింది. ఆ పిల్లకి నేను చెప్పగలిగితే ఆ వారమే చెప్పాలి. వాళ్ళింటి చిరునామా టీచరుగారు ఇవ్వనంది, "నాకెందుకండీ ఈ గొడవ" అంది. సరే, గుడికి పోతే ఎవరాపుతారు?

మూడో ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. అమ్మతో చెప్పలేదు. ఏలూరులో దిగి ఆటో మాట్లాడుకున్నాను. దారి పొడుగునా తెగిన గట్లన్నీ మళ్ళీ పోసేస్తున్నారు. చెరువులు తిరిగొచ్చాయి, అతను తిరిగి నిలబడ్డాడు. గుడిలో ఆడవాళ్ళ వైపు చాపమీద వెనగ్గా కూర్చున్నాను. ఆ పిల్ల ముందు వరసలో, తల్లి పక్కన, ముసుగేసుకుని కూర్చుంది. ఆరాధన తరవాత పెద్దల భోజనాలట, పెళ్ళివారంతా వచ్చారు. అతను క్వయరులో ఉన్నాడు.

పాస్టరుగారు ప్రకటన చదివారు. అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చెప్పవచ్చు అని, అలవాటుగా ఆగారు. ఎవరో దగ్గారు.

"నాకుందండి" అని లేచాను.

గుడంతా తిరిగింది. పాస్టరుగారు నన్ను పోల్చుకుని, నవ్వు మొహం పెట్టారు. "నువ్వామ్మా? ఆరాధన అయ్యాక లోపల గదిలో మాట్లాడుకుందాం."

"ఇక్కడడిగారు కాబట్టి ఇక్కడే చెబుతానండి" అని మొదలుపెట్టాను. ఇన్నాళ్ళూ మనసులో వల్లించుకున్న మాటలు. మొదటి మాట నోట్లోంచి రాగానే ఆయన భార్య పాస్టరమ్మగారు పాట ఎత్తేసింది. ఆవిడ ఎత్తిందంటే సంఘం అందుకోవాల్సిందే, అది మా అలవాటు. కీబోర్డు, డోలకు, తాళాలు, చప్పట్లు. నేను ఆపలేదు. నా గొంతు మీద నాకు నమ్మకం. మొత్తం చెప్పాను, నెత్తురుతో సహా, ఒక్క ముక్క మింగకుండా చెప్పాను. వాళ్ళు పల్లవి మళ్ళీ మళ్ళీ పాడారు. క్వయరులో అతను కళ్ళు మూసుకుని పాడుతున్నాడు. చక్కగా పాడతాడు, అది కాదనలేం.

నన్ను ఎవరూ గెంటలేదు. మా వైపు గెంటరు. ఇద్దరు ఆడవాళ్ళు చెరో చెయ్యీ పట్టుకుని, "రండమ్మా, ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగుదురు గాని" అంటూ బయట పందిట్లోకి తీసుకొచ్చారు. మజ్జిగ ఇచ్చారు. ఉప్పు సరిపోయిందా అనడిగారు. లోపల పాట ఆగింది. ఇప్పుడావిడ చెప్పింది నియమాల ప్రకారం అభ్యంతరం కిందికి రాదని పాస్టరుగారు మైకులో చెప్పడం పందిట్లోకి వినపడింది. పెళ్ళి జరిగింది.

ఇంకో ఏడాదికి మా అమ్మకి గర్భసంచి ఇబ్బందొస్తే ఏలూరులో అదే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. హాలు నిండా జనం, గోడ మీద టీవీ. మా పక్క కుర్చీలో ఉన్న పిల్ల నన్నే చూస్తోంది. మొహం పాలిపోయి ఉంది. ముసుగు లేదు కాబట్టి ముందు నేను పోల్చుకోలేదు.

"మీరేనాండీ? ఆ రోజు గుడిలో లేచారు" అంది.

"నేనేనమ్మా. ఒక్కదానివే వచ్చావా?"

"ఆయన మందుల షాపుకెళ్ళారండి." గుమ్మం వైపు చూసి, గొంతు ఇంకా తగ్గించింది. "మీ నోరు కదలడం చూశానండి ఆ రోజు. డోలకు నా చెవి పక్కనే ఉంది, ఏమీ వినపళ్ళేదు. మా అమ్మనడిగితే ఆస్తి తగాదా అంది. అసలేం చెప్పారండీ?"

చెప్పాను. ఆ పిల్ల చెవి దగ్గర, మా అమ్మ జీవితమంతా కోరుకున్నంత మెల్లగా. ఆ పిల్ల ఏడవలేదు. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చివరిదాకా విన్నది.

"అదేనాండీ ఆ రోజు చెప్పింది" అంది. "ఇంకాస్త గట్టిగా చెప్పాల్సిందండి" అంది.

నన్ను గొంతు పెంచమన్న మనిషి ఇన్నేళ్ళలో ఆ పిల్ల ఒక్కతే. నర్సు పిలిస్తే లేచి, గోడ పట్టుకుని నడుచుకుంటూ కర్టెను వెనక్కి వెళ్ళింది. టీవీలో ప్రకటనలు వస్తున్నాయి. అతను మందుల కవరుతో లోపలికి వచ్చాడు, నన్ను చూశాడు, "బాగున్నారాండీ" అని మా అమ్మని పలకరించాడు. మా అమ్మ "బాగున్నాం బాబూ" అంది!

కర్టెను అవతలి నుంచి డాక్టరమ్మ గొంతు వినపడింది. "చెప్పాను కదమ్మా, కొన్నాళ్ళు దూరంగా ఉండమని. చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలీదా?"

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మెల్లగా" అంది, నేను ఇంకా నోరు తెరవకుండానే. చెయ్యి విదిలించుకుని లేచి, కర్టెను పక్కకి లాగాను.

"ఆ మాట ఆ పిల్లకి కాదండీ చెప్పాల్సింది, ఇదిగో, కవరు పట్టుకుని నిలబడ్డాడే, వీడికి చెప్పండి! నన్నూ ఇదే మంచం మీద పడేశాడు. అప్పుడూ మీరు నాకే చెప్పారు! ఆ పిల్ల వద్దంటే వినడు వీడు, బలవంతం చేస్తాడు, అడగండి దాన్ని!"

ఆ గొంతుకి టీవీ ఉన్నట్టే లేదు. రోడ్డు మీద ఆటోవాళ్ళు కూడా గుమ్మంలోకి తొంగి చూశారు. అతను నవ్వుతూ, "మా మొదటి ఇంటావిడండి, కాస్త మనసు బాగోదు" అన్నాడు. డాక్టరమ్మ అతన్ని చూసింది, నన్ను చూసింది. ఏదో గుర్తొచ్చినట్టుంది, ఆవిడ మొహం మారింది. ఆ పిల్ల వైపు వంగి అడిగింది.

"ఏమ్మా, ఈవిడ చెప్పేది నిజమేనా?"

నిజమేనా! అమ్మ అడగలేదు, పాస్టరుగారు అడగలేదు, స్టేషన్లో అడగలేదు, కోర్టులో అడగలేదు. అడగాల్సిన మనిషి, అడగాల్సిన మాట, ఇన్నేళ్ళకి అడిగింది. అతన్ని బయటికి పంపి అడగాలని మాత్రం ఆవిడకి తోచలేదు. అతను నా భుజం పక్కనే నిలబడి ఉన్నాడు.

ఆ పిల్ల నన్ను చూడలేదు. అతన్ని చూసింది. ఆ సాయంత్రం ఆ ఇంటికి వెళ్ళాల్సింది తను, నేను కాదు.

"ఆవిడెవరో నాకు తెలీదండి" అంది.

మెల్లగానే అంది. హాలంతా వినపడింది.